కారు హీటర్ బైపాస్: కోర్‌ను తప్పించండి, కూలెంట్ దారిని తెంచకండి

వేడి ప్రాంతాల్లో కారు నడిపేవాళ్లకు అందులో హీటర్ ఒకటుందన్న సంగతే గుర్తుండదు. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిసినప్పుడో, ఏసీ గుబ్బ చివరిదాకా తిప్పినా గాలి చల్లబడనప్పుడో దాని పేరు బయటికొస్తుంది. అప్పుడు ఎక్కువగా వినిపించే సలహా ఒకటే: "హీటర్ లైన్ కట్ చేసేయండి, ఎలాగూ వాడట్లేదు కదా."

సలహా తప్పేమీ కాదు. కాకపోతే "కట్ చేయడం" అనే మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, ఇంజిన్ నుంచి హీటర్‌కు వెళ్లే రెండు గొట్టాలనూ బిరడాలు పెట్టి మూసేయడం. రెండోది, ఆ రెంటినీ ఒకదానికొకటి కలిపి, హీటర్‌ను మాత్రం పక్కన పెట్టడం. బానెట్ ఎత్తి చూసేవాళ్లకు ఈ తేడా పెద్దగా కనిపించదు. ఇంజిన్‌కు మాత్రం తెలుస్తుంది. కొన్ని ఇంజిన్లలో మొదటి పద్ధతి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద ఉండే సీలు) పోయేదాకా తెస్తుంది. ఏ ఇంజిన్‌కు ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే ఆ గొట్టాల్లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎందుకు తిరుగుతోందో ముందు తెలియాలి.

హీటర్ గొట్టాల్లో ఏం జరుగుతోంది

హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డ్ వెనక, బ్లోయర్ పెట్టెలో కూర్చున్న చిన్న రేడియేటర్. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ ఒక గొట్టంలో వచ్చి, కోర్‌లోని సన్నటి నాళాల్లోంచి పారి, రెండో గొట్టంలో వెనక్కి పోతుంది. వచ్చే గొట్టం సాధారణంగా సిలిండర్ హెడ్ నుంచో థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక తెరుచుకుని రేడియేటర్‌కు దారి ఇచ్చే వాల్వు) హౌసింగ్ నుంచో బయలుదేరుతుంది. తిరిగి వెళ్లే గొట్టం వాటర్ పంప్ పీల్చుకునే వైపు కలుస్తుంది. రెండూ ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకుగోడలోంచి పక్కపక్కనే లోపలికి దూరుతాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఈ దారి, గొట్టం మీద విడిగా వాల్వు ఉంటే తప్ప, థర్మోస్టాట్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది, కూలెంట్ రేడియేటర్‌కు పోదు. అయినా వాటర్ పంప్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కూలెంట్ ఎటో ఒకవైపు తిరగాలి. అలా తిరిగితేనే హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉన్న వేడి అంతటా సర్దుకుంటుంది, థర్మోస్టాట్‌లోని మైనానికి అసలు ఉష్ణోగ్రత ఎంతో తెలుస్తుంది. ఈ తిరుగుడు కోసం చాలా ఇంజిన్లలో విడిగా ఒక బైపాస్ దారి (రేడియేటర్‌కు పోకుండా పంప్‌కు తిరిగొచ్చే అడ్డదారి) ఉంటుంది. కొన్నిటిలో అది ఉండదు, లేదా బాగా సన్నగా ఉంటుంది. వాటిలో హీటర్ గొట్టాలే ఆ పని చేస్తాయి. హీటర్ దారి అంటే కేవలం క్యాబిన్ సౌకర్యం అనుకుని మూసేసినవాళ్లు దెబ్బతినేది ఇలాంటి ఇంజిన్లతోనే.

క్యాబిన్ వైపు కూడా రెండు రకాలున్నాయి. పాత కార్లలో ఎక్కువగా హీటర్ గొట్టం మీద ఒక వాల్వు ఉండేది. గుబ్బ చల్లదనం వైపు తిప్పితే కేబులో వాక్యూమో ఆ వాల్వును మూసేది, కోర్‌లోకి వేడి కూలెంట్ వచ్చేదే కాదు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ వాల్వు లేదు. కోర్ ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది, దాని ముందు బ్లెండ్ డోర్ అనే రెక్క ఒకటి అడ్డంగా నిలబడి గాలిని అటు పోకుండా ఆపుతుంది. ఆ రెక్క అంచులకు అతికించిన ఫోమ్ పట్టీ ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. రెక్క మూసుకున్నట్టే ఉంటుంది గానీ అంచుల్లోంచి గాలి కోర్ మీదికి జారుతుంది.

ఆ కొంచెం సందే ఎంత చేస్తుందో ఒక లెక్క చూడండి. కూలింగ్ కాయిల్ దాటి వచ్చే గాలి 6 డిగ్రీలు, కోర్‌ను తాకి వచ్చే గాలి 70 డిగ్రీలు అనుకుందాం. వందలో 5 వంతుల గాలి కోర్ వైపు జారినా కలిసిన గాలి 9.2 డిగ్రీలు అవుతుంది. 10 వంతులు జారితే 12.4 డిగ్రీలు. మండే ఎండలో నిలబెట్టిన కారును చల్లబరిచేటప్పుడు ఈ 6 డిగ్రీల తేడా ఒంటికి బాగా తెలుస్తుంది. ఈలోగా గ్యాస్ తక్కువైందేమోనని, కంప్రెసర్ బలహీనపడిందేమోనని ఏసీ మీద డబ్బు పోస్తూ ఉంటారు.

ముందు రోగం ఏమిటో తేల్చండి

కార్పెట్ తడి కనబడగానే కోర్ పోయిందని తీర్మానించకండి. కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది. అది బయటికి పోవాల్సిన సన్నటి గొట్టం మట్టితోనో ఆకులతోనో మూసుకుపోతే ఆ నీళ్లు కూడా అదే చోట కార్పెట్ మీదికొస్తాయి. తడిని వేలితో తీసి బొటనవేలికి రుద్ది చూడండి. ఏసీ నీళ్లయితే మామూలు నీళ్లలాగే ఉంటాయి, వెంటనే ఆరిపోతాయి, వాసన ఉండదు. కూలెంట్ అయితే జిడ్డుగా జారుతుంది, ఆరాక వేళ్లు అంటుకుంటాయి, కాస్త తియ్యటి వాసన వస్తుంది. తెల్లగుడ్డతో అద్దితే పచ్చగానో ఎర్రగానో నీలంగానో రంగు కనిపిస్తుంది. రుచి మాత్రం చూడకండి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, తియ్యగా ఉండటం వల్లే పిల్లలకూ పెంపుడు జంతువులకూ మరీ ప్రమాదం. కార్పెట్ మీద పడినదాన్ని కూడా పూర్తిగా కడిగేయాలి.

కోర్ లీకుకు మరో గుర్తు ఉంది. గాలిని అద్దం వైపు మళ్లించగానే లోపలి వైపు జిడ్డు పొగమంచులా పట్టి, తుడిచినకొద్దీ అలుక్కుపోతుంది. అది నీటి ఆవిరి కాదు, కూలెంట్ ఆవిరి. ఇంకా అనుమానముంటే రేడియేటర్ మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ పెట్టి, మూత మీద రాసున్న ఒత్తిడి దాకా కొట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 15 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. చాలా మూతల మీద 0.9, 1.1 బార్ లాంటి అంకెలుంటాయి, దాన్ని దాటించకండి. ముల్లు దిగుతూ, బయట ఎక్కడా చుక్క కనిపించకపోతే లీకు లోపలే. రెండు గొట్టాలనూ క్లాంపులతో నొక్కిపెట్టి మళ్లీ కొట్టి చూడండి. ఈసారి ముల్లు కదలకపోతే కోర్ దోషి అని ఖాయం.

లీకు లేదు, ఏసీ చల్లదనమే సమస్య అంటే పరీక్ష వేరు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ గరిష్ఠంలో, లోపలి గాలే తిరిగేలా పెట్టి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ గుచ్చి అంకె రాసుకోండి. తర్వాత హీటర్‌కు వచ్చే గొట్టాన్ని నున్నటి దవడలున్న గొట్టాల క్లాంపుతో నొక్కండి. పళ్లున్న ప్లయర్ వాడితే పాత రబ్బరు లోపల చీలుతుంది, పైకి కనిపించదు. కోర్ చల్లబడటానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఇంజిన్ ఉష్ణోగ్రతను ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ సాకెట్‌కు తగిలించే మీటరు) మీద చూస్తూ ఉండండి, మామూలు కంటే 5 డిగ్రీలు ఎక్కితే వెంటనే క్లాంపు తీసేయండి. వెంట్ ఉష్ణోగ్రత 3 డిగ్రీలో అంతకంటే ఎక్కువో తగ్గిందంటే బైపాస్ వల్ల లాభం ఉంటుంది. ఒక డిగ్రీ కూడా తగ్గలేదంటే తప్పు హీటర్‌ది కాదు. కండెన్సర్ ఫ్యాను, గ్యాస్ పరిమాణం, క్యాబిన్ ఫిల్టర్ చూసుకోండి. ఈ పది నిమిషాల పరీక్ష చేయకుండా గొట్టాల మీద కత్తి పెట్టొద్దు.

బ్లెండ్ డోర్ అసలు చివరిదాకా వెళ్తోందా అన్నదీ ఒకసారి చూడాలి. కేబుల్ సాగినా, రెక్కను తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగినా రెక్క మధ్యలోనే ఆగుతుంది. కేబుల్ బిగించడం అరగంట పని. దానికి కూలెంట్‌ను ముట్టుకోనక్కర్లేదు.

మూయడమా, కలపడమా

థర్మోస్టాట్ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఈ నిర్ణయం మారుతుంది. కూలెంట్ ఇంజిన్ నుంచి బయటికి వచ్చే చోట, అంటే రేడియేటర్ పై గొట్టం మొదట్లో ఉంటే అది బయటి వైపు థర్మోస్టాట్. రేడియేటర్ కింది గొట్టం ఇంజిన్‌లోకి చేరే చోట ఉంటే లోపలి వైపు థర్మోస్టాట్.

లోపలి వైపు రకంలో మైనపు గుళిక ఉండేది పంప్ పీల్చుకునే గదిలో. ఒక పక్క రేడియేటర్ నుంచి చల్లటి కూలెంట్ వచ్చి ఆగి ఉంటుంది. ఇంజిన్ ఎంత వేడిగా ఉందో ఆ గుళికకు చెప్పేది బైపాస్ దారిలో వచ్చే వేడి కూలెంట్, హీటర్ నుంచి తిరిగొచ్చే కూలెంట్. కొన్ని ఇంజిన్లలో ఈ కబురు మోసేది ముఖ్యంగా హీటర్ గొట్టమే. దాన్ని మూసేస్తే హెడ్‌లో కూలెంట్ మరుగుతున్నా గుళిక చల్లగానే ఉంటుంది. తెరవాల్సిన సమయానికి థర్మోస్టాట్ తెరవదు. థర్మోస్టాట్ పాడైందనుకుని కొత్తది వేస్తారు, అదీ అలాగే చేస్తుంది.

బయటి వైపు రకంలో ప్రమాదం కొంత తక్కువ. గుళిక హెడ్ దగ్గరే ఉంటుంది కాబట్టి వేడి ఆలస్యంగానైనా తగులుతుంది. అయితే వేరే బైపాస్ లేకపోతే మూసుకున్న థర్మోస్టాట్‌కు ఎదురుగా పంప్ ఊరికే మథిస్తూ ఉంటుంది. ఉష్ణోగ్రత 105, 110 దాకా ఎగబాకి, థర్మోస్టాట్ తెరవగానే ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ ఎగబాకుతుంది. ఈ ఎగుడుదిగుళ్లు అల్యూమినియం హెడ్‌కు మంచివి కావు.

విడిగా బైపాస్ ఉందో లేదో సర్వీస్ మాన్యువల్‌లోని కూలెంట్ ప్రవాహ పటం చూస్తే తెలిసిపోతుంది. మాన్యువల్ దొరక్కపోతే థర్మోస్టాట్ విప్పి చూడండి. దాని అడుగున స్ప్రింగుతో ఇంకో చిన్న పళ్లెం ఉంటే, అది థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ రంధ్రాన్ని మూయడానికి పెట్టింది. అంటే బైపాస్ ఉన్నట్టే. థర్మోస్టాట్ హౌసింగ్ నుంచి పంప్‌కు నేరుగా వెళ్లే పొట్టి గొట్టం కనిపించినా అంతే.

ఇవేవీ తేలకపోతే కలపడమే క్షేమం. కలిపితే ఇంజిన్ అలవాటు పడ్డ దారి అలాగే ఉంటుంది, మధ్యలో కోర్ మాత్రం లేకుండా పోతుంది. మూయడం వల్ల దీనికన్నా అదనంగా వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. అందుకే ఈ రెంటిలో మా సిఫారసు కలపడమే.

కలపడంలోనూ ఒక మెలిక ఉంది. కోర్ నాళాలు సన్నగా ఉండి ప్రవాహాన్ని కొంత అడ్డుకుంటాయి. వాటి స్థానంలో 16 మిల్లీమీటర్ల బోలు గొట్టం పెడితే ఆ అడ్డు పోతుంది. పంప్ నెట్టే కూలెంట్‌లో ఎక్కువ వాటా రేడియేటర్ దాకా పోకుండా ఈ దగ్గర దారిన తిరిగొచ్చేస్తుంది. మామూలు నడకలో ఏమీ తెలియదు. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతుంటే, నడి ఎండలో ఏసీ కూడా నడుస్తుంటే, రేడియేటర్ తన పూర్తి శక్తితో పని చేయాల్సిన వేళ ఆ వాటా లోటు బయటపడుతుంది. దీనికి విరుగుడు, కలిపే గొట్టం లోపల ఒక ఇత్తడి లేదా అల్యూమినియం నిరోధకం. అంటే గొట్టం లోపల బిగుతుగా పట్టే బిళ్ల, మధ్యలో 8 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రం. 16 మిల్లీమీటర్ల గొట్టం అడ్డుకోత వైశాల్యం సుమారు 201 చదరపు మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల రంధ్రానిది 50. అంటే నాలుగో వంతు. థర్మోస్టాట్‌కు కబురు చేరడానికి అది చాలు. కొన్ని కార్లలో ఇంజిన్ వైపు నిపుల్‌లోనే (గొట్టం తొడిగే ముక్కులోనే) ఇలాంటి సన్నటి రంధ్రం తయారీలోనే ఉంటుంది. గొట్టం ఊడదీసినప్పుడు లోపలికి తొంగి చూడండి, ఉంటే ఇంకోటి పెట్టనక్కర్లేదు.

చాలామందిని భయపెట్టే ఇంకో మాట: "కోర్ కూడా ఒక రేడియేటరే కదా, తీసేస్తే ఇంజిన్ వేడెక్కదా?" హీటర్ వాడని రోజుల్లో కోర్ మీదుగా గాలే పోదు, కాబట్టి అది ఇంజిన్ నుంచి తీసుకుంటున్న వేడి స్వల్పం. తీసేసినంత మాత్రాన ఇంజిన్ వేడెక్కదు. అలాగని చల్లబడదు కూడా. నడుస్తున్న ఇంజిన్ ఉష్ణోగ్రతను నిర్ణయించేది థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాను.

కొన్ని కార్లలో హీటర్ గొట్టాలు దారిలో ఇంకా పనులు చేస్తుంటాయి. థ్రాటిల్ బాడీకి, టర్బోకు, ఈజీఆర్ కూలర్‌కు (ఎగ్జాస్ట్ వాయువును చల్లబరిచేది), ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌కు ఇదే వరసలో కూలెంట్ వెళ్లొచ్చు. వెనక సీట్లకు రెండో హీటర్ ఉంటే మధ్యలో టీ జాయింట్లుంటాయి. గొట్టాన్ని రెండు చివర్ల నుంచీ చేత్తో పట్టుకుంటూ వెళ్లి, రేకుగోడ దగ్గర మాత్రమే విడదీయండి. మధ్యలో ఎక్కడో కోస్తే టర్బోకు కూలెంట్ ఆగిపోవచ్చు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో కూలెంట్ వలయాలకు విద్యుత్ పంపులు, బ్యాటరీ ఉష్ణోగ్రత నియంత్రణ ముడిపడి ఉంటాయి. వాటి జోలికి ఈ పద్ధతితో పోవద్దు.

పని మొదలుపెట్టాక

కావాల్సినవి కొన్నే. కూలెంట్ కోసం తయారైన ఈపీడీఎం రబ్బరు హీటర్ గొట్టం, ఎక్కువ కార్లకు లోపలి వ్యాసం 16 లేదా 19 మిల్లీమీటర్లు. లోహపు జాయినర్, నాలుగు క్లిప్పులు, కోర్ నిపుళ్లకు రెండు రబ్బరు మూతలు, కారుకు చెప్పిన రకం కూలెంట్ 2 లీటర్లు. పెట్రోలు గొట్టం కూలెంట్‌కు పనికిరాదు, తోటకు నీళ్లు పెట్టే పీవీసీ గొట్టమైతే తొలి వేడికే మెత్తబడి జారిపోతుంది. కొన్ని కార్లలో వచ్చే గొట్టం 16, పోయే గొట్టం 19 ఉంటుంది. అప్పుడు 16 నుంచి 19కి మారే జాయినర్ తీసుకోండి. చిన్న నిపుల్ మీద పెద్ద గొట్టం వేసి క్లిప్పు బిగిస్తే సరిపోతుందనుకోవద్దు, రబ్బరు ముడతపడి ఆ ముడతలోంచే కారుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే మూత తీయాలి. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి లోపలి కూలెంట్ అక్కడికక్కడే మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లబడ్డాక మూత తీసి, రెండు గొట్టాలనూ రేకుగోడకు జానెడు దూరంలో క్లాంపులతో నొక్కి, కింద శుభ్రమైన పళ్లెం పెట్టండి. ఇలా నొక్కితే పోయేది లీటరు లోపే.

గొట్టాన్ని కోర్ నిపుల్ మీంచి లాగడంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు నిపుల్‌కు అతుక్కుపోయి ఉంటుంది. ప్లయర్‌తో పట్టి మెలితిప్పితే అల్యూమినియం నిపుల్ వంగుతుంది, ప్లాస్టిక్ కనెక్టర్ అయితే విరిగిపోతుంది. ఎలాగూ ఈ చివర పనికి రాదు కాబట్టి, క్లిప్పు వెనక్కి జరిపి, గొట్టం చివర రెండంగుళాలు పొడవునా బ్లేడుతో చీల్చండి. నిపుల్ మీద గీత పడేంత లోతుగా వద్దు. చీలిన రబ్బరును తొక్క తీసినట్టు ఒలిస్తే వచ్చేస్తుంది. కోర్ బాగానే ఉండి, ఎప్పటికైనా మళ్లీ కలుపుదామనుకుంటే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. నిపుల్ మీద గీత అంటే రేపటి లీకు.

రెండు గొట్టాలూ దగ్గరగా ఉంటే, మూస పోసి తయారుచేసిన యూ ఆకారపు గొట్టం ఒక్కటి చాలు. తిన్నటి గొట్టాన్ని జానెడు కంటే ఇరుకుగా వంచితే మలుపులో నొక్కుకుపోతుంది, కలిపామనుకున్నది మూసినట్టే అవుతుంది. వేడెక్కాక రబ్బరు మెత్తబడి ఇంకా నొక్కుకుంటుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా ఉంది కదా అని నమ్మకండి. గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు, బెల్టులకు, ఫ్యానుకు దూరంగా పోవాలి, రేకు అంచులకు రాసుకోకుండా పట్టీతో కట్టాలి.

గొట్టం మీద వాల్వు ఉన్న కారైతే, ఆ వాల్వు కలిపిన దారిలో మిగిలిపోకుండా చూడండి. గుబ్బ చల్లదనం వైపు ఉన్నంతకాలం అది మూసే ఉంటుంది. కలిపినా లాభం లేదు, దారి మూసుకున్నట్టే.

స్క్రూ క్లిప్పులు వాడితే, మొదటి రెండు మూడు రోజుల తర్వాత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మళ్లీ కాస్త బిగించాలి. వేడికి కొత్త రబ్బరు అణిగి క్లిప్పు వదులవుతుంది. స్ప్రింగ్ క్లిప్పులు ఆ సర్దుబాటు తామే చేసుకుంటాయి, దొరికితే అవే మేలు. గొట్టాలు మూయాల్సి వచ్చినవాళ్లు, అంటే విడిగా బైపాస్ ఉందని నిర్ధారించుకున్నవాళ్లు కూడా, పలుచటి వాక్యూమ్ మూతలను ఇంజిన్ వైపు ఎప్పుడూ వాడకూడదు. అవి ఒత్తిడికీ వేడికీ తయారైనవి కావు. ఏదో ఒక రోజు రహదారి మీద పగిలి కూలెంట్ మొత్తం పోతుంది.

కోర్‌లో మిగిలిన కూలెంట్‌ను అలాగే వదలొద్దు. లీకయిన కోర్‌లో పావు లీటరు మిగిలినా వారాల తరబడి కార్పెట్ మీదికి కారుతూ, అద్దానికి జిడ్డు పడుతూ ఉంటుంది. ఒక నిపుల్‌కు గొట్టం తగిలించి మెల్లగా నీళ్లు పోసి రెండో నిపుల్ నుంచి తేటగా వచ్చేదాకా కడిగి, తర్వాత తక్కువ ఒత్తిడి గాలితో ఊదండి. కంప్రెసర్ గాలిని నేరుగా పూర్తి ఒత్తిడితో పెడితే పాత కోర్ చీలిపోతుంది. అర బార్ చాలు. కోర్ బాగా లీకవుతుంటే నీళ్లు పోయకుండా గాలితోనే ఖాళీ చేయండి, లేకపోతే ఆ నీళ్లూ కార్పెట్ మీదికే వస్తాయి. ఆ తర్వాత మూతలు.

గాలి తీయడం

కూలెంట్ నింపాక సిస్టంలో గాలి ఇరుక్కుని ఉంటుంది. హెడ్‌లో గాలిబుడగ ఉన్న చోట లోహానికి కూలెంట్ తగలదు. సెన్సర్ దగ్గర బుడగ నిలిస్తే అది తప్పుడు అంకె చెబుతుంది. కారు ముందు భాగం కాస్త ఎత్తు మీద నిలిపి, గాలి తీసే స్క్రూ ఉంటే దాన్ని తెరిచి, అందులోంచి బుడగలు లేకుండా కూలెంట్ వచ్చేదాకా మెల్లగా పోయండి. తర్వాత మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో పిసుకుతూ ఉంటే బుడగలు పైకొస్తాయి. థర్మోస్టాట్ తెరవగానే మట్టం ఒక్కసారి దిగుతుంది. అప్పుడు నింపి మూత పెట్టేయండి. మూతను రేడియేటర్‌కు కాక ఒత్తిడి ఉండే ట్యాంకుకు పెట్టిన కార్లలో పద్ధతి కొంచెం మారుతుంది, మాన్యువల్ ప్రకారం పోవాలి. యూ గొట్టం మొత్తం సిస్టంలో అన్నిటికంటే ఎత్తున ఉండిపోతే గాలి అక్కడే చేరుతుంది, దాన్ని కిందికి వంచి కట్టండి.

ఆ తర్వాత డాష్‌బోర్డ్ ముల్లును నమ్మకండి. చాలా కార్లలో ఆ ముల్లు సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా మధ్యలోనే కదలకుండా ఉండేలా తయారీలోనే సర్దుతారు. ఓబీడీ స్కానర్ పెట్టి అసలు అంకె చూడండి. చల్లటి ఇంజిన్ నుంచి మొదలుపెట్టి, థర్మోస్టాట్ మీద రాసున్న ఉష్ణోగ్రత, ఉదాహరణకు 82 లేదా 88, దాటాక అంకె ఎంతదాకా ఎగబాకి ఎక్కడ నిలుస్తుందో గమనించండి. నాలుగైదు డిగ్రీలు దాటి సర్దుకోవడం మామూలే. 15 డిగ్రీలు ఎగబాకి పడిపోతుంటే గాలి మిగిలింది, లేదా కబురు మోసే దారి నొక్కుకుపోయింది. యూ గొట్టాన్ని ముట్టుకుంటే రెండు చివరలూ సమానంగా కాలుతుండాలి. ఒక వైపు చల్లగా ఉంటే లోపల ప్రవాహం లేదు. నిలబెట్టిన కారులో ఏసీ వేసి 15 నిమిషాలు, తర్వాత ఎత్తు రోడ్డు మీద ఒకసారి నడిపి చూశాకే పని అయినట్టు.

హీటర్ లేకపోతే పోయేవి

హీటర్ పనికిరానిదన్న అభిప్రాయం వర్షాకాలంలో పరీక్షకు వస్తుంది. అద్దం లోపలి ఆవిరిని పోగొట్టడానికి ఏసీ గాలిలోని తేమను తీస్తుంది, హీటర్ ఆ పొడి గాలిని మళ్లీ వెచ్చబరుస్తుంది. హీటర్ లేకపోతే పొడిదే అయినా చల్లటి గాలి అద్దానికి తగులుతుంది. లోపలి ఆవిరి పోతుంది గానీ అద్దం చల్లబడుతుంది. బయటి గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రాత్రి ఆ చల్లటి అద్దానికి బయటి వైపు నీటిపొర పడుతుంది. వైపర్ వేస్తే పోతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. అప్పుడు గాలిని అద్దం వైపు నుంచి ముఖం వైపుకు మళ్లించి, ఏసీ చల్లదనం తగ్గించడమే మార్గం. కొండ ప్రాంతాలకు వెళ్లేవాళ్లు, రాత్రిపూట వానలో ఎక్కువ నడిపేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ముందున్న రోడ్డు కనిపించడం కంటే చల్లగాలి ముఖ్యం కాదు.

ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో 24 డిగ్రీలు పెట్టామంటే చాలావాటిలో చల్లగాలిలో కాస్త వేడి గాలి కలిపే ఆ అంకెను పట్టుకుంటారు. బైపాస్ తర్వాత ఆ కలపడం ఉండదు. గాలి అనుకున్నదాని కంటే చల్లగా వస్తుంది, బ్లోయర్ వేగం వింతగా మారుతుంది. చెడిపోయింది కాదు, కలపడానికి దానికి వేడి లేదు, అంతే.

మూడోది అత్యవసర ఉపాయం. ట్రాఫిక్‌లో ఫ్యాను పోయి ఇంజిన్ వేడెక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, బ్లోయర్ గరిష్ఠంలో పెడితే కోర్ కొన్ని కిలోవాట్ల వేడిని లాగేస్తుంది. లోపల కూర్చోలేనంత వేడి, అయినా పక్కకు తీసి ఆపుకునేదాకా హెడ్‌ను కాపాడుతుంది. వేడి ప్రాంతంలో ఇది చాలా విలువైన అవకాశం. బైపాస్ చేసిన కారులో అది ఉండదు.

లీకు లేని కారుకు వాల్వే మేలు

ఈ మూడూ పోకుండా ఏసీ చల్లదనం దక్కించుకునే మార్గం ఉంది. రెండు గొట్టాల మీదా కూర్చునే నాలుగు ముక్కుల హీటర్ వాల్వు. రెండు ముక్కులు ఇంజిన్ వైపు, రెండు కోర్ వైపు. తెరిచి ఉంటే కూలెంట్ కోర్‌లోకి పోయి వస్తుంది. మూస్తే ఇంజిన్ వైపు రెండు ముక్కులూ లోపలే కలిసిపోతాయి, అంటే బైపాస్ తనంతట తానే ఏర్పడుతుంది. థర్మోస్టాట్‌కు కబురు ఆగదు, కోర్ మాత్రం చల్లబడుతుంది. రెండు ముక్కుల వాల్వు చౌకే గానీ అది మూసినప్పుడు దారి మొత్తం మూసుకుంటుంది, కాబట్టి విడిగా బైపాస్ ఉన్న ఇంజిన్లకే.

కేబుల్‌తో తిప్పేది, వాక్యూమ్‌తో నడిచేది, విద్యుత్‌తో నడిచేది దొరుకుతాయి. సాదా కేబుల్ రకంలో చెడిపోయేది తక్కువ. వాక్యూమ్ రకం కొనేటప్పుడు వాక్యూమ్ లేనప్పుడు తెరుచుకుంటుందా మూసుకుంటుందా అని నోటితో పీల్చి చూడండి, రెండు రకాలూ ఉన్నాయి. నెలకోసారి వాల్వును పూర్తిగా తెరిచి పది నిమిషాలు నడపండి, లేకపోతే కోర్‌లో నిలిచిన కూలెంట్ అలాగే పాతబడి లోపల పాచి కడుతుంది. ప్లాస్టిక్ వాల్వులు వేడికి పెళుసెక్కుతాయి. ముక్కుల మొదట్లో తెల్లటి పొర కనిపించిందంటే అక్కడ చెమ్మ మొదలైందని అర్థం, మార్చేయండి.

కోర్‌ను తిన్నది రేడియేటర్‌నూ తింటుంది

లీకయిన కోర్‌ను తప్పించి ఊరుకుంటే సగం పనే అయినట్టు. సన్నటి నాళాలున్న కోర్ సాధారణంగా తుప్పుకు ముందుగా లొంగుతుంది. తర్వాత వంతు రేడియేటర్‌ది, వాటర్ పంప్ సీలుది. వేడి ప్రాంతాల్లో గడ్డకట్టే భయం లేదు కదా అని ఉత్త నీళ్లు పోసేవాళ్లు చాలామంది. కూలెంట్ పని గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే కాదు. తుప్పును ఆపే మందులు అందులోనే ఉంటాయి, మరిగే స్థాయిని కూడా అది పెంచుతుంది. ఒక బార్ మూతతో ఉత్త నీళ్లు సుమారు 120 డిగ్రీలకు మరిగితే, సగం గ్లైకాల్ సగం నీళ్ల మిశ్రమం 129 దగ్గర మరుగుతుంది. బోరునీళ్లయితే లోపల సున్నం కూడా కడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన సరైన రకం కూలెంట్ పోసి, కంపెనీ చెప్పిన గడువుకు మార్చండి. రంగు చూసి రకం నిర్ణయించకండి, డబ్బా మీద రాసిన ప్రమాణం చూడండి.

కొత్త కూలెంట్ వేసినా కోర్లు వరసగా పోతుంటే విద్యుత్ లీకు చూడాలి. వోల్ట్‌మీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్‌కు, ఎర్ర వైరు కొస రేడియేటర్ లోపల కూలెంట్‌లో, లోహానికి తగలకుండా ముంచండి. ఇంజిన్ ఆపి ఒకసారి, నడుపుతూ లైట్లు, ఫ్యాను, ఏసీ వేసి ఒకసారి చూడండి. 0.1 వోల్టు దాకా పట్టించుకోనక్కర్లేదు. 0.3 దాటితే ముందు పాత కూలెంట్ మార్చి మళ్లీ కొలవండి. ఆ తర్వాతా తగ్గకపోతే, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందేమో విప్పి రుద్ది బిగించండి.

చివరి పని, బానెట్ లోపలి వైపు ఒక చీటీ అంటించండి. హీటర్ బైపాస్ చేశాం, ఫలానా చోట కలిపాం, నిరోధకం 8 మిల్లీమీటర్లు, తేదీ, పోసిన కూలెంట్ రకం. లేకపోతే తర్వాత చేయి పెట్టే మెకానిక్ గాలి తీయడానికి హీటర్ గుబ్బ తిప్పి, వెంట్‌లోంచి వేడి గాలి వచ్చేదాకా ఇంజిన్ నడుపుతూ ఎదురుచూస్తూ ఉంటాడు.